అమ్మ మీద ఫిర్యాదు

ఏడాదికి ఒక పూట మా అమ్మ విధవరాలయ్యేది.

తక్కిన రోజులన్నీ ఆమె నిండు ముత్తయిదువే. మెళ్లో పుస్తెలు, కాళ్లకు మట్టెలు, నుదుట గోరంత బొట్టు. వానలు మొదలయ్యే రోజుల్లో ఒక పొద్దున మాత్రం లేచీ లేవగానే బొట్టు తుడిచేసేది. మట్టెలు తీసి కారప్పొడి డబ్బా వెనక దాచేది. పుస్తెలతాడు తీసి నా చేతిలో పెట్టి, "పట్టుకో, పారేసేవు" అనేది. నేను దాన్ని చున్నీ కొసకు ముడేసుకునేదాన్ని. సూరత్‌లో మేముండే పర్వత్ పాటియాలో షేర్ ఆటో ఎక్కి ఇద్దరం సర్కారు కచేరీకి పోయేవాళ్లం. నేను మళ్లీ పెళ్లి చేసుకోలేదు, చనిపోయిన నా భర్త భార్యగానే బతుకుతున్నాను అని అమ్మ అక్కడ చెప్పి సంతకం పెట్టేది. విధవ పింఛను ఇంకో ఏడు సాగాలంటే ఏటా ఆ మాట చెప్పి తీరాలి. చెప్పి బయటికొచ్చాక ఆటో స్టాండు దగ్గర గోడ వైపు తిరిగి నిలబడి, వెనక్కి చెయ్యి చాపేది. నేను ముడి విప్పి ఇచ్చేదాన్ని. దాన్ని మెళ్లో వేసుకుని, జాకెట్టులోకి తోసుకుని, "నడువు" అనేది.

అంతటితో ఆ ఏటికి అమ్మ వైధవ్యం అయిపోయేది.

మా నాయన నాకు ఊహ తెలియకముందే పోయాడు. తెలంగాణ నుంచి సూరత్‌కు మరమగ్గాల పనికి వచ్చిన వేలమందిలో ఆయనొకడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. సాంచాల దుమ్ము ఛాతీలోకి పోయి, దగ్గి దగ్గి పోయాడని అమ్మ చెప్పేది. పింఛను అప్పుడు వచ్చింది, న్యాయంగానే వచ్చింది. దానితో నా బడి ఖర్చు వెళ్లేది. మిగతాది అమ్మ చీరల పనితో నెట్టుకొచ్చేది. సలాబత్‌పురా వ్యాపారి దగ్గర్నుంచి చీరల మూటలు ఇంటికొచ్చేవి. వాటి వెనక వేలాడే దారాలు కత్తిరించి, మడతపెట్టి పంపాలి. మా ఇంట్లో నడిస్తే కాళ్లకు దారాలు చుట్టుకునేవి. అన్నంలో కూడా వచ్చేవి.

తర్వాత కొన్నేళ్లకు చిన్నాయన వచ్చాడు. అమ్మను మనువాడినాయనను నేను చిన్నాయన అనే పిలిచేదాన్ని. ఆయనదీ మావైపే. సాంచాల పనికని వచ్చి, ఆ చప్పుడుకు చెవులు నొప్పి పుట్టి, సూరత్ బయట హజీరాలో ఒక ఇనుప కంపెనీలో కాంట్రాక్టు కూలీగా చేరాడు. వారమంతా అక్కడే లేబర్ గదుల్లో ఉండి, సెలవు రోజున కంపెనీ బస్సులో వచ్చేవాడు. మాట తక్కువ అనుకునేరు. వాగుడుకాయ. బస్సు దిగిన దగ్గర్నుంచి మళ్లీ ఎక్కేదాకా నోరు మూతపడేది కాదు. మొదట్లో నాకు ఆయనంటే చిరాకు. తర్వాత ఆయన రాని వారం చిరాకు.

పెళ్లి మా గల్లీలోనే, మేస్త్రి తాత ఇంటి ముందుగదిలో అయింది. తాత మాకు చుట్టమేమీ కాదు. సాంచాలు చెడిపోతే బాగుచేసే మేస్త్రిగా బతుకంతా గడిపి, వయసు మీద పడ్డాక గల్లీకి పెద్దమనిషయ్యాడు. హిందీ బడిలో చదువుకునే నాతో తెలుగు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఇది రాయగలుగుతున్నానంటే ఆ చలవే. పెళ్లినాడు అమ్మకు తండ్రి స్థానంలో కూర్చుని, చిన్నాయన కాళ్లు కడిగాడు. మావాళ్లలో రెండు పుస్తెలు కడతారు, ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. పుట్టింటి పుస్తె తాత చేయించాడు. అత్తింటిది చిన్నాయనే చేయించుకున్నాడు. పక్కింటి అత్త పసుపు దంచి తలంబ్రాలు కలిపింది. గల్లీ గల్లీ అంతా వచ్చి యాటకూర తిని పోయారు.

ఆ పెళ్లి సంగతి సర్కారుకు చెబితే పింఛను ఆగిపోతుంది. కాబట్టి చెప్పలేదు. చిన్నాయన కూడా కంపెనీలో తనకు పెళ్లి కాలేదనే రాయించాడు. ఇప్పుడు అన్నీ వేలిముద్రతో ముడిపడి ఉన్నాయి, ఆ కొసన అమ్మ పేరు రాయిస్తే ఈ కొసన దొరికిపోతామేమోనని ఆయన భయం. కుటుంబం అన్నచోట ఊళ్లో ఉన్న అన్న పేరు రాయించాడు. ఇది దొంగతనమని మా గల్లీలో ఎవరూ అనుకోలేదు. నన్ను అడిగితే నేను ఇప్పటికీ గొంతు చించుకుని అనలేను. అందరికీ తెలిసిన రహస్యం అది. అందరూ కాపాడారు. కాపాడటంలో మావాళ్లను మించినవాళ్లు లేరు.

పింఛను రోజు పని మానుకుని మరీ చిన్నాయన ఇంటికొచ్చేవాడు. అమ్మ మెడ బోసిగా ఉన్నంతసేపు ఇంట్లో ఉండకూడదని తానే ఒక పద్ధతి పెట్టుకుని, మూలమీది చాయ్ బండి దగ్గర కూర్చునేవాడు. మేము తిరిగొచ్చాక గుమ్మంలోకి వచ్చి, "సచ్చి వచ్చిన. జర చాయ్ పెట్టు" అనేవాడు.

"నీ నోట్లె మన్ను బడ! గిట్ల అనకు అంటె ఇనవేంది?" అని అమ్మ నిజంగానే కోప్పడేది.

"మరి ఏటా నన్ను సంపుడు నీదాయె, అంటె తప్పు నాదా?" అని, నావైపు తిరిగి, "ఓరోజు నేనే పోయి మీ అమ్మ మీద ఫిర్యాదు జేస్త సూడు. గీమెకు మొగడున్నడు సాబ్, పెయ్యి నిండ పానంతోని ఉన్నడు అని. గప్పుడన్న సర్కారోడు నా పేరు గీమె పేరు పక్కపొంటి రాస్తడు" అనేవాడు. 

అమ్మ గరిటె ఎత్తేది. ఆయన చాయ్ గ్లాసుతో బయటికి ఉరికేవాడు. మేము నవ్వేవాళ్లం.

కరోనా వచ్చిన మొదటి ఏడు గల్లీ సగం ఖాళీ అయింది. సాంచాలు ఆగాయి. దొరికిన బండి పట్టుకుని ఊళ్లకు పోయినవాళ్లు పోయారు. మాకు ఊళ్లో పట్టుకుని వేలాడటానికి ఏమీ లేదు కాబట్టి మేము ఉండిపోయాం. చిన్నాయనను కంపెనీ బయటికి వదల్లేదు. లోపలే తిండి, లోపలే పని. రోజూ ఫోన్‌లో మొహం చూపించేవాడు. పింఛను రోజున కచేరీ తలుపులు మూసి ఉన్నాయి. ఈ ఏటికి అడగబోమని చెప్పారు. ఆ ఒక్క ఏడు అమ్మ విధవ కాలేదు. 

"సూసినవా, నా ఆయుష్షు పెరిగింది" అన్నాడు చిన్నాయన ఫోన్‌లో.

మరుసటి ఏడు ఎండాకాలంలో ఆయనకు జ్వరమొచ్చింది. కాంట్రాక్టరు బండిలో ఆసుపత్రికి పంపారు. ఎవరినీ రానివ్వరని తెలిసి మేము పోలేదు. మొదట్లో రెండు మాటలు మాట్లాడేవాడు. తర్వాత మాట్లాడకుండా ఫోన్ పట్టుకుని మమ్మల్ని చూసేవాడు. ఆ వాగుడుకాయ అట్లా నోరు మూసుకుని చూస్తుంటే నాకు భయమేసి ఏదో ఒకటి మాట్లాడేదాన్ని. ఆ తర్వాత ఫోన్ మోగి మోగి ఆగిపోయేది. తర్వాత మోగడం కూడా మానేసింది.

కాంట్రాక్టరు దగ్గర పనిచేసే సూపర్‌వైజర్ నంబరు ఎట్లాగో సంపాదించి అమ్మ ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టింది. ఆయన హిందీలో చెప్పాడు. ఆ మనిషి పోయి రెండు రోజులైంది. ఊళ్లో అన్నకు ఫోన్ చేస్తే, రావడానికి బండ్లు లేవు, మీరే కానిచ్చేయండి అన్నాడు. దహనం కూడా అయిపోయిందని చెప్పాడు. 

"ఇంతకూ మీరెవరు?" అని అడిగాడు.

"పడోసీ" అంది అమ్మ. 

పక్కింటివాళ్లం. ఇన్నేళ్లుగా బయటివాళ్లెవరు అడిగినా చెప్పే మాట అదే. నోటికి అలవాటైపోయింది. ఫోన్ పెట్టేశాక అమ్మ దాన్ని బోర్లించి, ఒళ్లో ఉన్న చీర తీసుకుని దారాలు కత్తిరించసాగింది. ఆ చీర అయ్యాక ఇంకోటి తీసుకుంది. నేనూ కత్తెర పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. చీరలు లేత పచ్చ రంగువని, అంచు మీద మామిడిపిందెలున్నాయని ఇప్పటికీ గుర్తుంది. ఆ పూట ఇంకేమీ గుర్తులేదు.

శవాన్ని చూడలేదు. బూడిద ఎక్కడ కలిపారో తెలియదు. పదోదినం చేయలేదు. మాలో భర్త పోయిన ఆడదాని పుస్తెలు ఆమె తనంతట తాను తీసుకోదు. పదోనాడు పెద్దవాళ్లు వచ్చి, పక్కన కూర్చుని తీయాలి. ఆ రోజుల్లో ఎవరు ఎవరింటికి వస్తారు? గల్లీలో ప్రతి గడప లోపల ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. తాత జ్వరంతో పడుకున్నాడు. అత్త కిటికీలోంచే ఏడ్చి, కిటికీలోంచే అన్నం గిన్నె అందించేది. కాబట్టి అమ్మ మెళ్లో పుస్తెలు అట్లాగే ఉండిపోయాయి. కాలికి మట్టెలూ ఉన్నాయి. బొట్టు మాత్రం పెట్టుకోలేదు. తుడుచుకున్నదీ నేను చూడలేదు.

ఒకసారి అడిగాను. "తీస్తవా అమ్మా? నేను తియ్యాల్నా?"

"ఏటేటా తీసి తీసి గాయన పానం మీదికి నేనే తెచ్చిన. ఇంక తియ్య" అంది. నీళ్లు అయిపోయాయి, పట్టుకురావాలి అన్నంత మామూలుగా అంది.

నేను కాదని వాదించాలి. దగ్గుకూ పుస్తెలతాడుకూ సంబంధం ఏమిటని అరవాలి. పదోక్లాసులో సైన్సులో మంచి మార్కులు వచ్చిన పిల్లను నేను. ఇంకో చీర తీసి ముందేసుకున్నాను. ఆ నెలల్లో నాకు కోపం కూడా రాలేదు. ఆకలీ అంతే, తినాలి కదా అని గుర్తొస్తే తినేదాన్ని.

బస్సులు తిరగడం మొదలయ్యాక అమ్మ ఒక్కతే హజీరా పోయింది. ఆయన సంచీ ఉంటే ఇవ్వండి, నేను ఆయన భార్యను అని కాంట్రాక్టరు ఆఫీసులో అడిగింది. ఆయనకు పెళ్లే కాలేదు అన్నారు. ఆధారం చూపించమన్నారు. అమ్మ దగ్గరున్న ప్రతి కార్డు మీదా మా నాయన పేరే ఉంది. అందులో ఒక కార్డు విధవ అని చెబుతోంది. ఆసుపత్రికి పోయింది, ఆయన పేరు పక్కన అన్న పేరు తప్ప ఏమీ లేదు. ఊళ్లో ఉన్న ఆ అన్నకు ఫోన్ చేసింది. తమ్ముడు బ్రహ్మచారిగానే పోయాడమ్మా పాపం, నువ్వెవరు అన్నాడాయన. చిన్నాయన ఆయనకు చెప్పనే లేదో, చెప్పినా ఆయన వినలేదో నాకు తెలియదు. అమ్మ ఇంటికొచ్చి చెప్పులు విడిచి, "ఎవలు రాసుకుంటలేరు" అంది.

వానలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం కచేరీ నుంచి బంట్రోతు వచ్చి గల్లీ మధ్యలో నిలబడి అమ్మను పిలిచాడు. అమ్మ మీద ఫిర్యాదు వచ్చిందట. భర్త ఉండి కూడా విధవనని చెప్పి పింఛను తీసుకుంటోందని ఎవరో రాసిపడేశారట. ఫలానా రోజు విచారణ, ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లను సాక్ష్యానికి తీసుకుని రావాలి అని గట్టిగా చెప్పి పోయాడు. 

ఆ గల్లీలో అన్ని నెలలూ జబ్బుతో మూసుకుపోయిన తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి.

"ఎవడాడు? ఎవడు సెప్పిండు? వాని సేతులిరగ!" అని అత్త మాస్కు కిందికి లాగి మరీ తిట్టింది. 

తాత కర్ర పట్టుకుని గుమ్మందాకా వచ్చి, "బిడ్డా, నువ్వు రందివెట్టుకోకు. సాక్ష్యానికి నేనొస్త" అన్నాడు. జ్వరం తగ్గినా ఆయన ఇంకా గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

అమ్మ అందరికీ తలూపి లోపలికి వచ్చి తలుపు వేసింది. చీరల మధ్య కూర్చుని కత్తెర తీసుకుంది. నేను గొంతు తగ్గించి అడిగాను. "ఎవలు చేసిండ్రమ్మా?"

"నేనే."

నేను కత్తెర కింద పెట్టాను.

"కచేరీ ముంగట టైపు కొట్టెటాయన లేడా, ఆయనతోని రాయించిన. గల్లీ పేరు, నా పేరు జెప్పి, గీమెకు మొగడుండె, ఫలానాయన అని రాయమన్న." ఒక దారం కత్తిరించింది. "టైపాయన నన్ను తిట్టిండు. ఎందుకు అక్కా, పాపం విధవ కడుపు మీద కొడ్తవు, ఆమె నిన్నేం జేసింది అన్నడు. నాకు దానితోని పాతపగ ఉందని జెప్పిన."

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఇన్నేండ్ల పైసలు వాపస్ కట్టుమంటరు. కేసయితది. జైల్లేస్తరు."

"ఏస్తె ఏసిరి. నేను నోటితోని జెప్తె ఎవలు రాసుకుంటలేరు. ఫిర్యాదొస్తె సర్కారే తెలుసుకోవాలె గద. తాతనడుగుతరు, అత్తనడుగుతరు. లగ్గంల బువ్వ తిన్నోళ్లే గద అందరు. గీమెకు గాయన మొగడు అని వాళ్లు జెప్పంగ సర్కారోడు రాస్తడు. గది సాలు." ఇంకో దారం కత్తిరించి, "గాయన అంటుండె గద, అట్ల రాస్తరని" అంది.

చిన్నాయన వేళాకోళాన్ని అమ్మ అట్లా నిజం చేసింది. తన మీద తానే ఫిర్యాదు చేసుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. గల్లీలో ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది. ముందే తెలిస్తే తాత ఆపేస్తాడని ఆమె భయం. అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెబుతారు, చాలు అంది. పింఛను పోతే ఏం తింటామని నేను అడగలేదు. ఆమె ముఖం చూస్తే, ఆ సంగతి ఎప్పుడో ఆలోచించి పక్కన పెట్టేసినట్టే ఉంది.

విచారణ రోజు అమ్మ ఏదీ తీయలేదు. మట్టెలు కాళ్లకే ఉన్నాయి. పుస్తెలను జాకెట్టులోంచి పైకి తీసి, చీర మీద అందరికీ కనబడేలా వేసుకుంది. బయటికి రాగానే అత్త చూసి నాలుక కరుచుకుంది. తాతను ఆటోలో ఒక పక్కకు ఆనించి కూర్చోబెట్టాం. దారంతా ఆయన కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూనే ఉన్నాడు. దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకున్నాను. పాఠం అప్పజెప్పుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

కరోనా భయానికి విచారణ బల్లను వరండాలో వేశారు. కుర్చీలు దూరదూరంగా ఉన్నాయి. విచారణ చేసే సాహెబు చెడ్డవాడేమీ కాదు. మాస్కు ముక్కు కిందికి జారి ఉంది, కళ్లు అలసిపోయి ఉన్నాయి. ఫిర్యాదు విషయం హిందీలో చెప్పి, "అబద్ధం చెబితే చెప్పినవాళ్ల మీద కేసవుతుంది, ఆలోచించుకుని మాట్లాడండి" అన్నాడు. తర్వాత తాత వైపు తిరిగాడు. 

అమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. ఆ ఘడియ కోసమే ఆమె అన్ని నెలలు ఆగింది. తాత నోట ఒక్క మాట వస్తే చాలు.

తాత కర్ర మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. సాంచాల చప్పుడులో బతికినవాడు కాబట్టి ఆయన హిందీ కూడా గట్టిగానే ఉంటుంది. "సాబ్, ఈమె నా బిడ్డలాంటిది. పొద్దున లేస్తే నా కళ్ల ముందే ఉంటుంది. మొగుడు పోయినప్పటి నుంచి వంచిన తల ఎత్తలేదు. ఈమెకు మళ్లీ పెళ్లి కాలేదు. నా ఇంటి దేవుడి మీద ఒట్టు."

నాకు ఆ వరండా ఒక్కసారి దూరంగా జరిగిపోయినట్టయింది. చిన్నాయన కాళ్లు కడిగి అమ్మకు పెళ్లి చేసిన మనిషి ఆ పెళ్లి జరగలేదని ఒట్టేస్తున్నాడు.

"మరి ఇంటికొచ్చేవాడని రాసిన ఆ మనిషి?" అని సాహెబు అడిగాడు. 

అత్త అందుకుంది. "ఒకాయన కిరాయికుండేవాడు సాబ్. హజీరాలో పని. మొన్న జబ్బులో పోయాడు పాపం. ఆయనకు పెళ్లీ పెటాకులూ లేవు. ఎవరో గిట్టనివాళ్లు పుట్టించిన కూత ఇది."

వాళ్లిద్దరూ మాకు తెలియకుండా మాట్లాడుకున్నారు. మిగతా గల్లీ కూడా మాట్లాడుకుంది. ఎవరు విచారణకు వచ్చినా ఇదే చెప్పాలని ఇంటింటికీ చెప్పుకున్నారట. మమ్మల్ని కంగారు పెట్టడం ఎందుకని మాతో అనలేదట. ఎప్పటిలాగే కాపాడారు.

"నాయనా..." అంది అమ్మ చాలా మెల్లగా.

తాత ఆమె వైపు తిరిగి, భయపడకు అన్నట్టు అరచెయ్యి చూపించాడు. ఆ చేతి బొటనవేలికి గుమాస్తా అప్పటికే సిరా రాస్తున్నాడు. జ్వరం తర్వాత కలం పట్టలేకపోతున్న తాత తాను చెప్పిన మాట కింద వేలిముద్ర వేశాడు. అత్త సంతకం పెట్టింది.

సాహెబు గుజరాతీలో అక్కా అన్నట్టు పిలిచి అమ్మను అడిగాడు. "బెన్, మీరేమంటారు? పెద్దాయన చెప్పింది నిజమేనా?"

నేను లేవబోయాను. ఆ వరండాలో అందరికంటే నా హిందీయే బాగుంటుంది. గుజరాతీలో కూడా చెప్పగలను. అమ్మ నా మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. ఆమె చూపు తాత బొటనవేలి మీదే ఉంది. ఆయన సిరాను పంచె అంచుకు తుడుచుకుంటున్నాడు. అబద్ధం చెబితే కేసవుతుందన్న మాట ఇంకా మా మధ్యనే ఉంది. అమ్మ ఇప్పుడు నిజం చెబితే, జబ్బు నుంచి లేచి ఆమె కోసం వచ్చిన ఆ ముసలాయన అబద్ధాలకోరవుతాడు.

"పెద్దాయన చెప్పినట్టే" అంది అమ్మ.

సాహెబు రాసుకున్నాడు. ఫిర్యాదులో నిజం లేదని, ఆమె విధవేనని రాసి, పైకి చదివి వినిపించాడు. చదువుతూ తలెత్తి చూసి ఆగాడు. "మరి మెళ్లో అది?"

తాత ఒక్క క్షణం కూడా తడబడలేదు. "మొదటి మొగుడు కట్టింది సాబ్. పాపం, తీయబుద్ధి కాక ఉంచుకుంది."

అందులో ఒక పుస్తె ఆయన చేయించిందే. కంసాలి దగ్గర గంటసేపు కూర్చుని, బరువు చూసి, పుట్టింటి పుస్తె అని చిన్నాయన చేతిలో పెట్టింది ఆయనే. రెండోది చిన్నాయనది. ఆ మాటతో రెండూ మా నాయన కట్టినవి అయిపోయాయి.

సాహెబు గొంతు మెత్తబడింది. "అర్థమైంది బెన్. మా ఇంట్లోనూ ఈ ఏడు ఇద్దరు పోయారు. కానీ ఫోటో తీయాలి, మెడలో అది ఉంటే పైవాళ్లు మళ్లీ అడుగుతారు. కాసేపు తీసేయండి."

అమ్మ కదలలేదు. అత్త లేచి వచ్చి, అమ్మ వెనక నిలబడి, జుట్టు పక్కకు జరిపి తాడు పైకెత్తింది. తాత కర్ర మీద ఒరిగి తల దించుకున్నాడు. అమ్మ మెడ వంచింది. తాడు తల మీంచి బయటికి వచ్చింది. అమ్మ దాన్ని నా చేతిలో పెట్టింది. పట్టుకో అనలేదు, పారేసేవు అనలేదు. నేను అలవాటుగా చున్నీ కొసకు ముడేసుకున్నాను. గుమాస్తా ఫోటో తీశాడు. మళ్లీ ఒకసారి తీశాడు, మొదటిదాంట్లో అమ్మ కళ్లు మూసుకుందట.

బయటికి రాగానే అత్త గట్టిగా ఊపిరి వదిలి, "పీడ వదిలింది" అంది. 

తాత ముఖం వెలిగిపోతోంది. అన్ని నెలల జబ్బులో ఆయన చేసిన మొదటి ఘనకార్యం అది. "ఎట్ల జెప్పిన బిడ్డా? ఒక్క మాటన్న తడవడ్డనా?"

"మంచిగ జెప్పినవ్ నాయనా" అంది అమ్మ. వంగి ఆయన కాళ్లకు మొక్కింది.

ఆ మొక్కు ఎందుకో ఆయనకు తెలియదు. మరుసటి ఏడు ఆయన చనిపోయేదాకా కూడా మేము చెప్పలేదు. అమ్మను గండం నుంచి గట్టెక్కించానన్న తృప్తితోనే పోయాడు. ఆయన మీద నాకు కోపం రావాలా, ప్రేమ రావాలా అనేది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. 

ఆటో స్టాండుకు వచ్చాం. ఎప్పుడూ నిలబడే గోడ దగ్గర నేను ఆగాను. చున్నీ ముడి విప్పి, తాడు అరచేతిలో పట్టుకుని ఎదురుచూశాను. అమ్మ గోడ వైపు తిరగలేదు. ముందుకు నడిచి ఆటో ఎక్కి, తాతకు చోటు చేసి, ఆయన కర్ర ఒళ్లో పెట్టుకుంది. పెద్దవాళ్లు పక్కన ఉండి తీయాలి అనుకున్నాం కదా. తీశారు. పదోదినం అక్కడ, ఆ కచేరీ వరండాలో జరిగిపోయింది. నాకు అది ఆ గోడ దగ్గర నిలబడి ఉండగా అర్థమైంది. అప్పుడు వచ్చింది ఏడుపు, అన్ని నెలలదీ ఒక్కసారే. 

"ఏందే, రా జల్ది. తాత అలిసిపోయిండు" అని అమ్మ లోపలి నుంచి పిలిచింది. 

నేను పరుగెత్తి ఎక్కాను. ఇల్లు చేరేదాకా తాడున్న అరచెయ్యి తెరిచే ఉంచాను. అమ్మ చెయ్యి చాపలేదు.